ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ తేలకపోయినా పేగులు ఇబ్బంది పెట్టే సమస్య) ఉన్నవాళ్లు ఎంజైమ్ మాత్రలు వేసుకోవచ్చా?

అందరికీ నమస్తే. రెండేళ్ల కిందట ఒక పెళ్లి భోజనం తిన్నాక వారం రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, యాంటీబయాటిక్స్ వాడాక తగ్గాయి గానీ కడుపు అప్పటినుంచి మునుపటిలా లేదు. మధ్యాహ్నం ముద్దపప్పు అన్నం తింటే నాలుగింటికల్లా పొట్ట బిగుసుకుపోయి బెల్టు ఒక కన్నం వదులు చేసుకోవాల్సి వస్తోంది, పొద్దున ఆఫీసుకు బయల్దేరేలోపు మూడుసార్లు బాత్రూంకి వెళ్లినా ఇంకా మిగిలే ఉన్నట్టు ఉంటుంది. కొలనోస్కోపీతో సహా అన్ని పరీక్షలూ నార్మల్. డాక్టరు గారు ఐబీఎస్ అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు.

పప్పుల్లోని కొన్ని చక్కెరలను అరిగించే ఎంజైమ్ మనుషులెవరికీ ఉండదని, వాటిని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెడితేనే గ్యాస్ వస్తుందని చదివాను. సరే, అది అందరికీ ఉన్నదే. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం 2022లో వచ్చిన మేయో క్లినిక్ పరిశోధన. పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) నుంచి వచ్చే, ప్రోటీన్లను అరిగించే ట్రిప్సిన్ లాంటి ప్రోటియేజ్ ఎంజైమ్‌లు పనైపోయాక కూడా పేగులో చురుగ్గా ఉండిపోతే పేగు లోపలి పొర దెబ్బతింటుందట. ఆ ప్రోటియేజ్‌లను అణిచే రూపంలోకి బిలిరుబిన్‌ను (పైత్యరసంలోని పసుపు పదార్థాన్ని) మార్చేది కొన్ని రకాల బ్యాక్టీరియానే, ఇన్‌ఫెక్షన్ తర్వాత ఐబీఎస్ వచ్చిన కొందరిలో ఆ బ్యాక్టీరియా తక్కువగా ఉందట.

మరి మందుల షాపులో ఇచ్చే ఎంజైమ్ మాత్రల్లో ప్రోటియేజ్ కూడా ఉంటే నాలాంటివాళ్లకు మేలా, కీడా? పప్పుకు ముందు, పప్పుల్లోని ఆ చక్కెరలను అరిగించే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ ఒక్కటే వేసుకుని చూసినవాళ్లున్నారా? మజ్జిగ పడుతోంది, పాలు పడట్లేదు, దీనికి లాక్టేజ్ (పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్) చుక్కలు వాడి చూడొచ్చా? ఇలా ఇన్‌ఫెక్షన్ తర్వాత మొదలై తగ్గినవాళ్లుంటే ఎన్నాళ్లు పట్టిందో, ఏం మానేశారో దయచేసి రాయండి. పప్పు పూర్తిగా మానేయడం మా ఇంట్లో కుదరదండీ.