కార్తీక పౌర్ణమి వారం గురుద్వారా సేవ: పనుల పంపకం, పిల్లలకు ఏం చెప్పాలి

సేవ కోఆర్డినేటర్ (సోమవారం రాత్రి)

అందరికీ నమస్కారం. కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి ఒకే రోజు. ఈసారి అది వారం మధ్యలో వచ్చింది కాబట్టి శనివారం పార్కులో మన వనభోజనాలు, మర్నాడు ఆదివారం స్టాక్టన్ గురుద్వారాలో లంగర్ (వచ్చిన వాళ్లందరికీ ఉచితంగా పెట్టే భోజనం) సేవ పెట్టుకున్నాం. ఇప్పటికి 34 మంది పేర్లిచ్చారు. పొద్దున 7కి వంటింట్లోకి పదిమంది కావాలి, సరిపోయారు. వడ్డనకి కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నారు. గిన్నెలు కడగడానికి ఎనిమిది మంది కావాలి, ముగ్గురే ఉన్నారు.

ఫ్లయర్ గురించి ఒక మాట. డ్రాఫ్టులో "హిందూ, ఇస్లాం మతాల కలయికే సిక్కు మతం" అని ఉంది. అది తీసేద్దాం. వాళ్లింటికి భోజనానికి వెళ్తూ, మీకు సొంతంగా ఏమీ లేదని చెప్పినట్టుంటుంది. కర్మ, పునర్జన్మ, ముక్తి వాళ్లకీ ఉన్నాయి, నిజమే. దేవుడు ఒక్కడే, రూపం లేదు, విగ్రహం పెట్టకూడదు అంటే మన ముస్లిం స్నేహితులకి దగ్గరగా అనిపిస్తుంది, అదీ నిజమే. కానీ అది అక్కడో ముక్క ఇక్కడో ముక్క తెచ్చి అతికించిన మతం కాదు. 1469లో పుట్టిన గురునానక్ తర్వాత ఇంకో తొమ్మిది మంది గురువులు వచ్చారు. 1604లో గురు అర్జన్ దేవ్ వాళ్ల పవిత్ర గ్రంథాన్ని కూర్చారు, 1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సంఘాన్ని, నిలబెట్టారు. నామం జపించు, కష్టపడి సంపాదించు, పంచుకుని తిను. ఫ్లయర్ మీద ఈ మూడు మాటలు వేస్తే చాలు.

పిల్లల కార్యక్రమం నుంచి

అక్కా, మా దగ్గర ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 15 మంది ఉన్నారు. పోయినసారి ఒక పాప, "పుస్తకానికి విసురుతున్నారు, బట్ట కప్పుతున్నారు, అదీ విగ్రహం లాంటిదే కదా ఆంటీ" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

సేవ కోఆర్డినేటర్

ఆ పాప బాగా చూసిందమ్మా. గుళ్లో పవళింపు సేవ చూసిన పిల్లలకి అలా అనిపించడం సహజం. ఆ పుస్తకమే వాళ్ల పవిత్ర గ్రంథం, గురు గ్రంథ్ సాహిబ్. దాన్ని తెల్లవారుజామున తెస్తారు, వింజామర వీస్తారు, రాత్రి విశ్రాంతికి తీసుకెళ్తారు. తేడా ఎక్కడంటే, ప్రాణప్రతిష్ఠ చేసిన మూర్తిలో దేవుడున్నాడని మనం మొక్కుతాం. వాళ్లు గ్రంథాన్ని దేవుడు అనరు, గురువు అంటారు. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ చనిపోయేముందు, ఇకమీదట గ్రంథమే గురువు అన్నారు. ఆ మర్యాదలన్నీ గురువుకి చేసేవి. అవతారాలనీ వాళ్లు ఒప్పుకోరు, పది మంది గురువులూ దేవుళ్లు కారు. యేసుని దేవుని కుమారుడిగా నమ్మే మన క్రైస్తవ కుటుంబాల పిల్లలకి ఇది ఇంకోలా తోస్తుంది, వాళ్లనీ మాట్లాడనివ్వు.

మ్యాపు ఒకటి పట్టుకురా. నాందేడ్ గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్న ఊరి మీదుగా వచ్చే నీళ్లే బాసరకి, ఆ తర్వాత రాజమండ్రికి వస్తాయని వేలు పెట్టి చూపించు. ఖాల్సా తొలి అయిదుగురిలో ఒకరైన సాహిబ్ సింగ్‌ది బీదర్ అంటారు, మన జహీరాబాద్‌కి దగ్గరే. మంగలి కుటుంబం వారాయన.

ఫుడ్ కమిటీ నుంచి

కొబ్బరికాయలు, కర్పూరం, పూలదండలు తేవాలా? కార్తీక సోమవారాల ఉపవాసాల వాళ్లు, ఉల్లి వెల్లుల్లి మానేసిన వాళ్లు నలుగురున్నారు. వాళ్ల సంగతేంటి?

సేవ కోఆర్డినేటర్

కొబ్బరికాయ, కర్పూరం వద్దు, అన్నా. హారతి గురించి వాళ్ల దగ్గర చాలా అందమైన సంగతి ఉంది. గురునానక్ పూరీ జగన్నాథుని గుడికి వెళ్లినప్పుడు, ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, చుక్కలే ముత్యాలు, ఇంకే హారతి కావాలి అని పాడారట. ఆ పాట ఇప్పటికీ రాత్రి పడుకోబోయే ముందు చదువుకుంటారు. మనం కందిపప్పు, గోధుమపిండి, నూనె బస్తాల్లో తీసుకెళ్దాం.

ఉపవాసాన్ని వాళ్లు పుణ్యంగా లెక్కపెట్టరు, అయినా మనవాళ్లని ఎవరూ బలవంతపెట్టరు. ఉల్లి తినని వాళ్లు కడాహ్ ప్రసాద్ తీసుకుని సేవ చేస్తే సరిపోతుంది. గోధుమపిండి, నెయ్యి, పంచదార సమానంగా వేసి చేసే హల్వా అది. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి, అరచేతిలో నెయ్యి వెచ్చగా తగులుతుంది. మా అబ్బాయి నోట్లో పెట్టుకోగానే "అన్నవరం ప్రసాదం!" అన్నాడు.

అందరూ తల కప్పుకోవాలి, బేస్‌బాల్ టోపీలు కాదు, చున్నీ గానీ కండువా గానీ. సిగరెట్ ప్యాకెట్ కార్లో కూడా వద్దు.

ఒక పేరెంట్

సిక్కులు ఒంటిమీద ఉంచుకునే కృపాణం గురించి మా ఆవిడకి కొంచెం టెన్షన్‌గా ఉంది. పిల్లల ముందు కత్తి ఏంటి అంటోంది.

సేవ కోఆర్డినేటర్

అర్థమైంది తమ్ముడూ. అమృతం (ఖాల్సా దీక్ష) తీసుకున్న సిక్కులు ఎప్పుడూ ఉంచుకోవాల్సిన అయిదింటిలో అదొకటి. కత్తిరించని జుట్టు, దువ్వెన, కడియం, కచ్ఛా (పొట్టి లోదుస్తు) మిగతా నాలుగు. ఒరలో ఉంటుంది, బెదిరించడానికి కాదు. బలహీనుల పక్కన నిలబడతానన్న మాటకి గుర్తు. తనని పొద్దున నాతో వంటింట్లోకి రమ్మను.

సంఘం పెద్దాయన

అమ్మా, ఆ గురుద్వారా 1912 నాటిది, అమెరికాలో మొట్టమొదటిది. బ్రిటిష్ పాలన పోవాలని ఇక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ వాళ్లకి అది కూడలి. ఆ పార్టీలో మన కనిగిరి ప్రాంతం దరిశి చెంచయ్య గారు కూడా ఉన్నారు, ఇక్కడ బర్కిలీలో చదువుకున్నారు. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, లంగర్‌కీ మన వనభోజనాలకీ ఏమన్నా పోలిక ఉందంటావా?

సేవ కోఆర్డినేటర్

బాబాయ్ గారూ, చెంచయ్య గారి సంగతి మీరే చెబితే బాగుంటుంది, అయిదు నిమిషాలు మీకే పెడుతున్నాను.

పోలిక అడిగారు కాబట్టి మనసులో ఉన్నది చెప్తాను. వాళ్లు పంగత్ అంటారు, అది మన పంక్తే. గురు అమర్‌దాస్ దగ్గరికి అక్బర్ చక్రవర్తి వచ్చినా ముందు నేలమీద పంక్తిలో కూర్చుని తిన్నాకే దర్శనమని చెప్పుకుంటారు. ఆ గ్రంథంలో నేత పని చేసిన కబీర్, చెప్పులు కుట్టిన రవిదాస్, దర్జీ నామ్‌దేవ్, సూఫీ షేక్ ఫరీద్ మాటలు గురువుల మాటలతో పాటే ఉన్నాయి. వాళ్లలో కులం పూర్తిగా పోయిందని నేననను, పెళ్లిళ్లప్పుడు బయటపడుతూనే ఉంటుంది. కానీ కింద కూర్చున్నప్పుడు పక్కన ఎవరని అడగరు.

మన పంక్తి దగ్గర ఆ అడగడం ఉండేది. అందుకేగా మన సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఉసిరిచెట్టు కింద కూడా ఫలానా కులం వనభోజనాలు అని ఫ్లెక్సీలు కడుతున్నారు. ఇంతకుముందు నేనున్న ఊళ్లో ఒకావిడ ఫోన్ చేసి, "రామ్మా, అందరూ మనవాళ్లే" అన్నారు. నేను వెళ్లలేదు. ఆ మాట ఈరోజుకీ గుచ్చుకుంటుంది.

పోయిన ఏడాది అదే పౌర్ణమికి ఈ గురుద్వారా వంటింట్లో నా రొట్టెలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. డెబ్బై దాటిన ఒక బీబీజీ (సిక్కు పెద్దావిడ) నా పేరైనా అడగకుండా, నా చేతిమీద చెయ్యి వేసి, అప్పడాల కర్ర నాతో పాటు తిప్పింది. తర్వాతి రొట్టె మా ఇద్దరిదీ. ఆ తర్వాత నేను తిన్నది ఏ చేతి వంటో నాకు తెలియదు. ఈ శనివారం మన వనభోజనాల్లో కూడా స్నేహితుల గుంపులుగా కుర్చీలు వేయకుండా, ఒకే వరుసలో చాపలు పరుద్దామని నా కోరిక.

సంఘం పెద్దాయన

చాపలు నేను తెస్తాను. గిన్నెల దగ్గర నా పేరు, మీ పిన్ని పేరు రాసుకో.

సేవ కోఆర్డినేటర్ (బుధవారం)

గిన్నెలకి ఇంకా ముగ్గురు కావాలి. ఆదివారం కార్లు ఫ్రీమాంట్ నుంచి ఉదయం అయిదున్నరకి బయల్దేరతాయి. కార్లో చోటున్న వాళ్లు రేపు రాత్రిలోగా ఇక్కడ రాయండి.