చిన్న ఇంజిన్‌లోకి నీరు: నాలుగు నిమిషాలకే ఆగిపోతోంది

హనుమకొండలో మెకానికల్ చివరి ఏడాది ప్రాజెక్టు: వాటర్ ఇంజెక్షన్, అంటే సిలిండర్‌లో మంట వేడి తగ్గించడానికి గాలితోపాటు కొద్దిగా నీరు పంపడం. పాత బైకు నుంచి తీసిన 100 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు, కార్బురేటర్ (పెట్రోలును గాలిలో కలిపే భాగం) తర్వాతి గొట్టంలోకి సెలైన్ సెట్టు సూదితో నీరు వదులుతున్నాం. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి 20 చుక్కలైతే ఇబ్బంది లేదు. 60కి పెంచి సగం థ్రాటిల్‌లో నడిపితే నాలుగు నిమిషాలకే దగ్గి దగ్గి ఆగిపోతోంది. విప్పి చూస్తే స్పార్క్ ప్లగ్గు తడి, గొట్టం అడుగున నీటి మడుగు.

కొత్త ప్లగ్గు వేశాం, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు సరిచేశాం, ఇంజిన్ బాగా వేడెక్కాకే నీరు వదిలాం. మార్పు లేదు. నీరు తుంపరగా చీలక గొట్టం గోడకు అంటుకుంటోందని నా అనుమానం.

నీటిని ఒత్తిడితో చిమ్మే పంపు కొనే స్తోమత లేదు. సూదిని కార్బురేటర్ వెంచురీ గొంతులోకి (దారి సన్నబడి గాలి వేగం పెరిగే చోటుకి) మారిస్తే, అక్కడి గాలి వేగానికే 60 చుక్కలూ తుంపరగా మారతాయా?