పోలీస్ ఈవెంట్స్‌కి తేలిక షూస్ కొనడం దండగా?

నాలుగు_రౌండ్లు:
అన్నలూ, 1600 మీటర్లు 7 నిమిషాల 18 సెకన్లలో వస్తున్నాను. తెలంగాణలో 2022 పోలీస్ ఉద్యోగాల నోటిఫికేషన్‌లో ఈ పరుగుకి మగవాళ్లకు పెట్టిన టైం 7 నిమిషాల 15 సెకన్లు. నా షూ ఒక్కోటి 320 గ్రాములు. 210 గ్రాములవి దొరుకుతున్నాయి కానీ ధర ఐదు వేలు. ఇంట్లో అడగాలంటే మొహం చెల్లట్లేదు. నిజంగా అంత తేడా ఉంటుందా?

గ్రౌండ్_కోచ్:
దండగ తమ్ముడూ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు. పరుగు కాళ్లలో ఉంటుంది, షూలో కాదు. ఆ డబ్బు తిండికి పెట్టు.

పొద్దున్నే_పరుగు:
కోచ్ గారూ, అదే బికిలా 1964 టోక్యోలో షూస్ వేసుకుని, రోమ్ కంటే మూడు నిమిషాలు ముందే వచ్చాడు.

బరువు లెక్క ఊరికే చెప్పే మాట కాదు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 18 మంది రన్నర్ల షూస్‌లో, వాళ్లకు చెప్పకుండా, సీసం గుళ్లు పెట్టి 3000 మీటర్లు పరిగెత్తించారు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే టైం సుమారు 0.78 శాతం పెరిగింది. 1600 మీటర్లలో ఒక్కో కాలు ఆరు వందల సార్లకు పైనే లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆ బరువును ముందుకు విసరాలి. తమ్ముడి 110 గ్రాములకు అదే లెక్క వేస్తే మూడున్నర సెకన్లు దాటుతుంది. అతనికి తక్కువైంది మూడు సెకన్లే!

బాస్కెట్‌బాల్_పిచ్చి:
అందులో మనసు పాత్ర కూడా ఉంది. కెనడాలో కాల్గరీ యూనివర్సిటీ వాళ్లు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన పరీక్షలో, షూ బరువు తెలిసినవాళ్లు తేలిక షూస్‌తో సుమారు 2 శాతం ఎక్కువ ఎత్తు ఎగిరారు. తెలియనివాళ్లలో తేడా కనిపించలేదు.

పొద్దున్నే_పరుగు:
ఒక్క ఎగురు వేరు, ఏడు నిమిషాల పరుగు వేరు. కొలరాడో వాళ్లకు సీసం సంగతి తెలియదు, అయినా టైం పెరిగింది.

గ్రౌండ్_కోచ్:
సరే, ఒప్పుకుంటాను. కానీ నా బాధ వేరు. ఈవెంట్స్‌కి రెండు రోజుల ముందు పల్చటి షూస్ కొని, మడమ బొబ్బలెక్కి, పిక్కలు పట్టేసి మూడో రౌండ్‌లో కూర్చున్న పిల్లల్ని చూశాను. ఏడాది కష్టం అక్కడే పోయింది. తమ్ముడూ, కొంటే కనీసం నెల ముందు కొను. మొదట వారానికి రెండు రోజులే వేసుకో. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు సైజు చూసుకో. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మరీ పల్చటి అట్ట వద్దు, మన మట్టి గ్రౌండ్‌లో రాళ్లు గుచ్చుకుంటాయి.

నాలుగు_రౌండ్లు:
ఇంకా ఆరు వారాలుంది అన్నా. ముందు ఫ్రెండ్ షూస్‌తో ఒకసారి 1600 పరిగెత్తి చూస్తాను, సైజు ఒకటే. టైం తగ్గితే నాన్నని అడుగుతాను.