ఒకటో తరగతి పిల్లలకి మూడు రంగుల బుట్టలెందుకు?

పెదచెరువు గట్టు (విజయనగరం):
అంగన్‌వాడీలోనూ ఒకటో తరగతిలోనూ పిల్లల చేత తడిచెత్తకి పచ్చ, పొడిచెత్తకి నీలం, ప్రమాదకరమైన చెత్తకి ఎరుపు అని వల్లె వేయిస్తున్నారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు మూడు రకాలుగా విడదీయమన్నది చెత్త వచ్చే ప్రతి ఇంటినీ, సంస్థనీ. అయిదేళ్ల పిల్లకి ఎర్రబుట్టతో ఏం పని? అందులో పడేవి పగిలిన బల్బులు, గడువు దాటిన మందులు, వాడేసిన డైపర్లు. ఆ ఈడుకి రెండు చాలు: కుళ్ళేది, కుళ్ళనిది.

ఉద్దానం కొబ్బరి:
మూడోది తీసేస్తే ముట్టుకోకూడనివి కొన్ని ఉంటాయని పిల్లకి ఎవరు చెప్తారండీ? జీడిపిక్కల తొక్కనే చూడండి, పలాస వేపు దానికి కొదవ లేదు. మీ లెక్కన అది కుళ్ళేదే. దాని నూనె అంటితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. మూడోది బుట్ట కానక్కర్లేదు. "ముట్టుకోకు, టీచర్ని పిలు" అన్న అలవాటు చాలు. అన్నట్టు, ఆ 2016 నిబంధనల్లో డైపరు ఎర్రబుట్టలో వేయమని ఉండేది కాదు. గట్టిగా చుట్టి పొడిచెత్తలో వేయమని ఉండేది.

పెదచెరువు గట్టు:
మా వీధికొచ్చే బండివాళ్లు ఎర్రబుట్టలోనే వేయమంటారు. కాగితం మీదది కాదు, అమల్లో ఉన్నది చెప్పండి.

ఉద్దానం కొబ్బరి:
నిబంధన పేరు ముందు ఎత్తింది మీరే.

నాగావళి ఇసుక:
ఒకటో తరగతికి డైపర్లు వేసుకుని వస్తున్నారేటండీ?

తుక్కుబండి (శ్రీకాకుళం):
రంగులు పక్కన పెట్టండి. పిల్లలకి అర్థమయ్యేది ఎరువు కుండ. అడుగున్నర ఎత్తు మట్టికుండ గానీ 20 లీటర్ల పాత రంగు డబ్బా గానీ తీసుకోండి. అడుగున నాలుగు, చుట్టూ రెండు వరసల్లో చిటికెనవేలు పట్టేంత కన్నాలు పెట్టాలి. కింద నాలుగు వేళ్ల మందాన కొబ్బరిపీచు. ఆపైన దోసెడు కూరగాయ తొక్కలకి రెండు దోసిళ్ల ఎండుటాకులు, నలిపి మరీ. మొదటిరోజు గుప్పెడు పాత ఎరువో, కాసిని పేడనీళ్లో కలిపితే త్వరగా పట్టుకుంటుంది. మూడు రోజులకోసారి కర్రతో కిందామీదా తిప్పాలి.

చాలా బడుల్లో ఇది పదిరోజులకే కంపు కొట్టి మూలపడుతుంది. తొక్కలు ఎక్కువై ఆకులు తక్కువైతే లోపల గాలి ఆడదు, అదే కారణం. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఇంకాసిని ఆకులు, పొడిపొడిగా ఉంటే నీళ్ల చిలకరింపు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, సాంబారు ఇందులో పొయ్యకండి, పురుగులూ ఎలకలూ చేరతాయి. గుడ్డు పెంకు నలిపి వేయొచ్చు గానీ అది చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది.

మొదటిరోజే ఒక చిక్కీ కవరు కూడా లోపల పాతిపెట్టండి. రెండు నెలలకి తొక్కలన్నీ నల్లటి మట్టి అవుతాయి, కవరు అలాగే మెరుస్తూ బయటికొస్తుంది. ఏది కుళ్ళుతుందో ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

ఉద్దానం కొబ్బరి:
నీలంబుట్ట పాఠం కూడా అంత తేలిక కాదు. పాలపాకెట్టు కడిగి ఆరబెడితే పాతసామాను వాడు తీసుకుంటాడు. లోపల వెండిలా మెరిసే బిస్కెట్ కవరు తీసుకోడు, అది వేర్వేరు పొరలు అతికించింది. పాలపాకెట్టు మూల కూడా పూర్తిగా తెంపకూడదు. కాలవల్లోకి పోయేది ఆ చిన్న ముక్కే.

పెదచెరువు గట్టు:
కుండ సరే. దాన్ని తిప్పేదెవరు?

తుక్కుబండి:
పిల్లలే. చేత్తో చెయ్యకపోతే ఎక్కం అప్పజెప్పినట్టే ఉంటుంది.

పెదచెరువు గట్టు:
ఎవరి పిల్లలు? మీ ఎరువు లెక్కలన్నీ బాగున్నాయి, ఇది ఒక్కటి చెప్పరు. చీపురు ఆడపిల్ల చేతికి, పరిశుభ్రత లీడరు బ్యాడ్జీ మగపిల్లాడి చొక్కాకి. మరుగుదొడ్డి వేపు ఊడవాల్సి వస్తే ఒక పేట పిల్లలే గుర్తొస్తారు. నా గొడవ ఎర్రబుట్ట గురించనుకున్నారా?

ఉద్దానం కొబ్బరి:
ఆ మాట మొదటే అనొచ్చుగా! పొద్దుట్నుంచి డైపర్లు పట్టుకుని వేలాడుతున్నాం.

తుక్కుబండి:
అందులో మీతో వాదన లేదు. హాజరుపట్టీ వరసలోనే రోజుకి నలుగురు, ఆడా మగా చూడకుండా. ఒకరు ఆకులు ఏరాలి, ఒకరు నలపాలి, ఒకరు తిప్పాలి, ఒకరు తడి చూడాలి. మళ్లీ వంతు వచ్చినప్పుడు పని మారాలి. కర్ర మూరెడు చాలు, పొడుగైతే పక్కవాడి కంట్లో గుచ్చుకుంటుంది. అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి. మరుగుదొడ్డి, గాజుముక్కలు, మందులు ఏ పిల్లకీ వద్దు. పట్టీ గోడమీద అంటించాలి.

పెదచెరువు గట్టు:
ఆ పట్టీలో టీచరు పేరు కూడా ఉండాలి. మొదటి రోజు వంతు ఆయనదే.

తుక్కుబండి:
రాస్తాను. ఆయన ఒప్పుకోవాలి గదా.

నాగావళి ఇసుక:
ఇంతకీ డైపరు ఏ బుట్టలో?