పోతరాజా, పోతురాజా: ఆస్కార్ పాటలో ఒక అక్షరం

కావలి సభ్యుడు (ప్రశ్న):
ఈ రోజు, 2023 మార్చి 13న, తెల్లవారకముందే లేచి 95వ ఆస్కార్ ఉత్సవాన్ని టీవీలో చూశాను. రిహానా, లేడీ గాగా పాటలు కూడా ఉన్న వరుసలోంచి ‘నాటు నాటు’ పేరు చదివినప్పుడు నేను వేసిన కేకకు పక్కింటివారు ఎవరికైనా ఏదైనా అయిందేమోనని తలుపు తట్టారు. కీరవాణి గారు కృతజ్ఞతలను కార్పెంటర్స్ వారి పాత పాట వరుసలో పాడి చెప్పారు, చంద్రబోస్ గారు ‘నమస్తే’ అన్నారు. నా మటుకు ఆ ఒక్క తెలుగు నమస్కారమే పాటకన్న ఎక్కువసేపు చెవిలో నిలిచింది. సంబరం సంగతి అంతటితో సరి. అప్పటినుంచి నన్నొక అనుమానం పీడిస్తున్నది. ఆ పాటలోని పోలేరమ్మ జాతరలో ఊగినవాడు పోతరాజా, పోతురాజా? ఫోన్‌లో ఏడెనిమిదిసార్లు విన్నాను. ఒకసారి తకారానికి అత్వం (‘త’) వినిపిస్తే మరొకసారి ఉత్వం (‘తు’) వినిపిస్తున్నది. ‘నాటు’ అంటే దేశవాళీ అని దయచేసి ఎవరూ వివరించవద్దు, అది ఈ పొద్దు ప్రపంచమంతటికీ తెలిసిపోయింది.

అద్దంకి మాస్టారు:
ఇందులో అనుమానానికి తావు లేదు, అది పోతరాజే. పాదంలో ముందున్న ‘జాతర’ను, తరువాత వచ్చే ‘పోతరా’ను పక్కపక్కన పెట్టి చదవండి. ‘తర’ అనే జంట రెండుచోట్లా మోగుతున్నది. పల్లెపదం రాయగల కవి ఆ మోతను చేతులారా పోగొట్టుకొని ‘పోతు’ అంటాడని నేను నమ్మలేను. ఇక ప్రమాణం కావాలంటే పోతన గారినే అడగండి. ‘బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్’ అని ఆయన తన పేరును తానే చెప్పుకొన్నాడు. ఉత్పలమాలలో కూర్చున్న అక్షరాన్ని ఎవరు కదిలించగలరు?

కందుకూరు సభ్యుడు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట మనవి చేస్తాను. ఉత్పలమాల ఇక్కడ మీకు సాక్ష్యం చెప్పదు. ‘బమ్మెర’ భగణం, ‘పోతరా’ రగణం. ‘పోతురా’ అన్నా రగణమే. అత్వమైనా ఉత్వమైనా హ్రస్వమే కాబట్టి గణం చెక్కుచెదరదు. పాటలోనూ అంతే, రెండు రూపాలకూ ఆరు మాత్రలే. కాబట్టి ఛందస్సు, బాణీ రెండూ ఈ వ్యవహారంలో తటస్థంగా ఉన్నాయి, మిగిలింది వ్యాకరణం ఒక్కటే. మూలపదం ‘పోతు’. దున్నపోతు, మేకపోతు, ఎనుబోతు అంటాము, కాపు లేని తాటిని పోతుతాడు అంటాము. అన్నిచోట్లా ఉత్వం నిలిచే ఉన్నది. పోతన పేరులో అది పోవడానికి కారణం పక్కన ‘అన్న’ ఉండటం. అచ్చు పరమైనప్పుడు ఉత్వానికి సంధి జరిగి పోతన్న, పోతన అయింది. ‘రాజు’ హల్లుతో మొదలవుతుంది గనుక అక్కడ సంధికి పని లేదు. పోతన అన్న రూపానికి అలవాటుపడిన నోళ్ళు ఆ ‘పోత’ను పట్టుకొచ్చి రాజుకు తగిలించాయని నా అభిప్రాయం.

నెల్లూరు సభ్యుడు:
అలా తగిలించడం తప్పయితే మా ఊరి రాజునే తప్పుపట్టవలసి వస్తుంది. మనుమసిద్ధి తండ్రి తిక్కరాజు, ఆస్థానకవి తిక్కన. ఒకే పేరు ‘న’తో ఒకచోట, ‘రాజు’తో ఒకచోట నడిచింది. పోతన, పోతరాజు కూడా అదే తోవలో నడిచి ఉండవచ్చును గదా.

ఎటూ పోతన పద్యం వచ్చింది గనుక ఒక మాట అనకుండా ఉండలేను. అదే పద్యం మొదట్లో ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని’ బతకడం తనకు వద్దన్నాడు కవి. బహుమతుల పండుగనాడు గుర్తుచేసుకోవడానికి ఇంతకన్న తగిన పద్యం లేదని మాస్టారు మెచ్చుకొంటారేమో గానీ, పదిహేనో శతాబ్దపు పోతన కన్న ముందే, పదమూడో శతాబ్దంలోనే, పెన్న ఒడ్డున కూర్చొని భారతాన్ని రాజుకు గాక హరిహరనాథుడికి అంకితమిచ్చినవాడు తిక్కన సోమయాజి అన్న సంగతి మరువకూడదు.

అద్దంకి మాస్టారు:
మరువలేదు నాయనా. అంతకుముందు నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ మనుమసిద్ధికే అంకితమిచ్చాడన్న సంగతి కూడా మరువలేదు. రాజిచ్చిన సొమ్ము రుచి చూసి వదిలినవాడు వేరు, చూడకుండానే వదిలినవాడు వేరు. అయినా తిక్కరాజు పోలిక నా వాదానికే బలమిచ్చింది, అందుకు కృతజ్ఞుడను.

కందుకూరు సభ్యుడు:
ఆ పోలిక బలమివ్వదు. తిక్క అన్నది అత్వంతోనే పుట్టిన మాట, పోతు ఉత్వంతో పుట్టినది. రెండింటినీ ఒకే కాడికి కట్టితే దుక్కి సాగదు.

ఒంగోలు సభ్యుడు:
కాడి అన్నారు గనుక మా ఊరివాడిగా నాకు నోరు విప్పే హక్కు వచ్చింది. అదే పాటలో పొలంగట్టు దుమ్ములో దూకిన పోట్లగిత్తను వదిలేసి ఈ పోతు వెంట పడ్డారేమిటని మొదట బాధపడ్డాను, తరువాత నాకూ ఒక సిద్ధాంతం తట్టింది. అది పోతుకు సంబంధించిన మాటే కాదు, ‘పోత పోయడం’లోని పోత. పోతరాజు అంటే పోత పోసిన రాజు. కావాలంటే ఈ ఉదయం కీరవాణి గారి చేతిలో ఉన్న బొమ్మను చూడండి. కంచుతో పోత పోసి, పైన బంగారు పూత పూసి, కత్తిని నేలకు ఆనించి నిట్టనిలువుగా నిలబెట్టిన వీరుడు, ఎత్తు పదమూడున్నర అంగుళాలు. ఊరి పొలిమేరలో కదలకుండా కాపలా కాసే మన పోతరాజుకు, ఆయనకు తేడా ఏమున్నది? చంద్రబోస్ గారు పాట రాసినప్పుడే బహుమతిని కూడా అందులో రాసుకొన్నారని నా వాదం.

అద్దంకి మాస్టారు:
ఇటువంటి వ్యుత్పత్తులు అరుగు మీద చెప్పుకోవడానికి చాలా బాగుంటాయి.

వెంకటగిరి సభ్యురాలు:
మాస్టారు గారు నవ్వి తోసేశారు గానీ, ఒంగోలు అన్నగారి మాటల్లో ‘కదలకుండా’ అన్నది నన్ను పట్టుకొన్నది. మీరందరూ అక్షరం కోసం కొట్లాడుతున్నారు, నాకు అడ్డుపడుతున్నది క్రియ. మా వైపు పోతురాజు ఊగడు. అమ్మవారి గుడి ముందు పాతిన రాయో కొయ్యో ఆయన, పసుపు రాసి కుంకుమబొట్లు పెడతాము, ముందు ఆయనకు చెల్లించవలసినది చెల్లించి తరువాత అమ్మ దగ్గరకు పోతాము. ఊగేది పూనకం వచ్చిన మనుషులు. వినాయక చవితి వెళ్ళిన తరువాత భాద్రపదంలో మా పోలేరమ్మకు ఏటేటా కొత్తగా మట్టివిగ్రహం చేసి జాతర జరిపిస్తారు (2022లో మమ్మల్ని నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మార్చారు గానీ జాతరకు నెల్లూరువాళ్ళు రావడం మానలేదు). ఆ జనంలో, ఆ డప్పుల్లో నేను చిన్నప్పటినుంచి తిరిగాను. శివమూగిన ఆడవాళ్ళను చూశాను, పోతురాజు ఊగడం మాత్రం చూడలేదు. రాయి ఎలా ఊగుతుంది?

నెల్లూరు సభ్యుడు:
అక్కా, హైదరాబాదు బోనాలను ఒకసారి చూసి రండి. అక్కడ పోతరాజు రాయి కాదు, మనిషి. ఒంటినిండా పసుపు పూసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, కొరడా ఝళిపిస్తూ ఊరేగింపు ముందు ఎగిరి ఆడతాడు. చంద్రబోస్ గారిది వరంగల్లు వైపు చల్లగరిగ. ఆయన కళ్ళముందు మెదిలినవాడు ఆ పోతరాజు.

వెంకటగిరి సభ్యురాలు:
అలాగైతే అక్కడి అమ్మవారు పోచమ్మో మైసమ్మో ఎల్లమ్మో కావాలి గదా తమ్ముడూ. పోలేరమ్మ మా అమ్మ. మా అమ్మను తీసుకొచ్చి, ఆ పక్కన వారి పోతరాజును ఎందుకు ఊగించారు?

కావలి సభ్యుడు:
అమ్మా, మీరు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు సినిమాలోనే ఉన్నదనిపిస్తున్నది. దొరల బంగళా ముందు ఆ పాటకు ఆడినవారిద్దరిలో రామరాజు మన్యం వైపువాడు, భీముడు గోండు బిడ్డ. ఒకరి వైపు నుంచి పోలేరమ్మను, మరొకరి వైపు నుంచి ఊగే పోతరాజును తెచ్చి ఒకే పాదంలో కలిపారేమో. ఇద్దరూ భుజం భుజం కలిపి వేసిన అడుగును చూసినవారికి ఇది దూరపు ఊహగా తోచదు. ఇది నిజమైతే నేను ఈ ఉదయం వేసిన కేక చాలదు, ఇంకొకటి బాకీ ఉన్నాను.

కందుకూరు సభ్యుడు:
ఊహ ముచ్చటగా ఉన్నది గానీ, అది యతి కుదిరినందువల్ల జరిగిన కలయిక కూడా కావచ్చును. ‘పో’కు ‘పో’ కావలసి వచ్చింది. పోచమ్మ అన్నా ‘పో’ వచ్చేదే గదా అని మీరు అడగవచ్చు. అడగండి, పోచమ్మలో ఒక మాత్ర తగ్గుతుంది. పోలేరమ్మకు ఏడు, పోచమ్మకు అయిదు... కాదు, రెండు తగ్గుతాయి. మొత్తానికి ఆ ఖాళీని పూడ్చవలసి వచ్చేది.

అద్దంకి మాస్టారు:
లెక్కలో తడబడిన వ్యాకరణవేత్తను ఇన్నేళ్ళకు చూశాను. రేపు ఉత్వసంధి విషయంలోనూ ఇలాగే దిద్దుకొంటారని ఆశిస్తాను. ఊగే మనిషి తెలంగాణ పోతరాజే అయినప్పుడు ఆయనను అక్కడివారు పిలిచే రూపమే పాటలోనూ ఉండాలి. కాబట్టి అత్వమే గెలిచింది.

కందుకూరు సభ్యుడు:
గెలవలేదు. అక్కడివారు కూడా పోతురాజు అనే అంటారు. పత్రికలు రెండు విధాలా అచ్చువేస్తాయి, ఇంటిపేర్లలోనూ రెండూ ఉన్నాయి.

ఒంగోలు సభ్యుడు:
గిత్త సంగతి ఎప్పుడు ఎత్తుకొంటారో చెప్తే ఆ వేళకు వస్తాను. మాస్టారు ఎత్తి చూపిన పద్యంలోనే, కొన్ని పాఠాల్లో, ‘సమ్మెటపోటులు’ ఉన్నాయి, మా పోట్లగిత్తలోని పోటు అదే. పోతన గారు కూడా నాకే సాక్షి.

కావలి సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. సాయంకాలం మా అమ్మను కూర్చోబెట్టి ఆ పాదం మాత్రమే మళ్ళీ మళ్ళీ వినిపించాను. ఆమెకు ఆస్కార్ అంటే ఏమిటో పట్టదు గానీ, చిన్నప్పుడు అమ్మవారి కొలుపులకు పోయి రాత్రంతా మేలుకొన్న మనిషి. తకారమా, తుకారమా అని అడిగితే నన్ను వింతగా చూసి, “రెండూ కాదురా, పోత్రాజు” అని చెప్పి లోపలికి పోయింది. మళ్ళీ విన్నాను. ఇప్పుడు నాకు అలాగే వినిపిస్తున్నది.

అద్దంకి మాస్టారు:
అమ్మగారికి నమస్కారాలు. కానీ పోత్రాజు అంటే అయిదు మాత్రలే అవుతాయి, పాదంలో ఒకటి తక్కువ పడుతుంది.

వెంకటగిరి సభ్యురాలు:
ఆ ఒక్కటి డప్పు కొట్టేవాడు వేస్తాడు మాస్టారూ, మీరు దిగులుపడవద్దు.