అవధానిగారి ధారణ వెనక మెదడులో ఏం జరుగుతుంది?

చింతచెట్టు:
మొన్న ఉగాదికి మా ఊళ్లో అష్టావధానం పెట్టారు. అవధానిగారు ఆవృత్తికొక (అంటే రౌండుకొక) పాదం చొప్పున నాలుగు పద్యాలు చెప్పుకుంటూ పోయారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన వంకాయ కూర గురించీ వియ్యపురాలి గురించీ ఏదేదో అడిగి కెలుకుతూనే ఉన్నాడు, అయినా చివర ధారణలో అన్నీ గడగడా అప్పజెప్పేశారు. నేనేమో ఓటీపీ చూసి స్క్రీన్ మార్చేలోపు మర్చిపోతా. ఆయన మెదడే వేరా?

పాతపలక:
ఓటీపీ మర్చిపోవడం రోగం కాదులెండి. 1959లో పీటర్సన్ దంపతులు జనానికి మూడేసి హల్లులు ఇచ్చి, మనసులో వల్లె వేసుకోకుండా వెంటనే అంకెలు మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లకి దాదాపు అంతా ఖాళీ. అప్రస్తుత ప్రసంగి చేసే పనీ అదే కదా! అంచేత అవధాని పాదాన్ని లోలోపల వల్లించుకుంటూ కూర్చుంటే అక్కడే గల్లంతు. అది అప్పటికప్పుడే దీర్ఘకాలిక జ్ఞాపకంలోకి పోవాలి, అందుకు హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి. 1953లో మూర్ఛ తగ్గించడానికని హెన్రీ మొలైసన్ అనే ఆయనకి ఆపరేషన్ చేసి, రెండువైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. తర్వాత కూడా మాట బాగానే కలిపేవాడు, దృష్టి మళ్లిందా, అంతసేపూ ఏం మాట్లాడాడో గుర్తుండేది కాదు.

రాత్రిబస్సు:
లోపలికి పోవడం సరే, మళ్లీ బయటికి రావాలిగా. నేను కొన్నాళ్లు పద్యాలు రాయడం నేర్చుకున్నా (అవధానం దాకా పోలేదు, ఎదుటివాళ్లు వద్దన్న అక్షరం వాడకుండా పద్యం చెప్పే నిషిద్ధాక్షరి దగ్గరే చేతులెత్తేశా). ఉత్పలమాలే తీసుకోండి, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి). మొదటి పాదం తట్టిందంటే మిగతా మూడింట్లో రెండో చోట ఏ హల్లు ఉండాలో తెలిసిపోతుంది, తప్పు మాట పడితే గణం (గురులఘువుల వరస) కుంటుపడి అక్కడే దొరికిపోతాం. పైగా ఆ పద్యం ఆయన కట్టుకున్నదే, ఎవరో చేతిలో పెట్టిన అంకెలు కావు.

చింతచెట్టు:
అయితే ఛందస్సు నేర్చుకుంటే ఓటీపీ కూడా గుర్తుంటుందా?

పాతపలక:
ఆశ పడకండి. అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడు ఏడాదిన్నరకి పైగా సాధన చేసి, ఒక్కసారి విని 79 అంకెలు వరసగా చెప్పే స్థాయికి వచ్చాడు, 1980లో ఆ పరిశోధన అచ్చయింది. అతను పరుగు పందేల మనిషి, 3492 అని వినబడితే మైలు పరుగుకి 3 నిమిషాల 49.2 సెకన్లు అని పెట్టుకునేవాడు. అంకెలు మానేసి అక్షరాలిచ్చారు. మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు.