పల్లికాయ తెంపే మిషన్: ముందు పేటెంటా, ముందు పది మంది రైతులా?

అచ్చంపేట తమ్ముడు:
మా నాయిన పల్లి చెట్ల నుంచి కాయ తెంపే చిన్న మిషన్ చేసిండు. ఇనుప డ్రమ్ము, దానికి వెల్డింగు చేసిన పళ్లు, సైకిల్ చైను, తొక్కితే తిరుగుతది. ఈ యాసంగిల మా చేనంత దానితోనే తెంపినం. చూసినోళ్లు "మాకొకటి చేసియ్యి" అంటున్నరు. పేటెంటు వచ్చేదాంక ఎవరికీ చూపొద్దని మా అన్న. ముందు పది మందికిద్దాం, ఏమిరుగుతదో చూద్దామని నాయిన. ఇంట్ల రోజూ ఇదే లొల్లి. మీరేమంటరు?

ఆలేరు మగ్గం:
నాయిన మాటే నా మాట, వాడేటోళ్ల చేతిల పడితేనే లోపం తెలుస్తది. మా దిక్కు చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రం తెలుసు గదా. ఆసు అంటే నేసే ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పి పోసుడు. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు ఇటూ అటూ తిరగాలె. వాళ్లమ్మ లక్ష్మి పడే నొప్పి చూసి 1992ల మొదలుపెడితే 1999ల గాని పూర్తి కాలే. పద్మశ్రీ 2017ల వచ్చింది. మా అమ్మ కూడా ఆసు పోసి పోసి రాత్రి చెయ్యి లేపలేకపోయేది. యంత్రం ఇంటికొచ్చిన నాడు ఆమె అడిగిన మొదటి మాట: "దారం తెగుతదా బిడ్డా?"

నల్గొండ వకీలు:
ఆలేరు అన్నా, అమ్మ మాట నిజమే, కానీ ఈ సలహా ఆ ఇంటిని ముంచొచ్చు. దరఖాస్తు పెట్టకముందే అమ్మినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా ఆ మిషన్ చట్టం లెక్కలో కొత్తది కాకుండా పోతుంది, పేటెంటు రాదు. మనిషి పేరుతో ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ (అంటే ముందస్తు) దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలే; రాసిపెట్టే ఏజెంటు ఫీజు వేరు. పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు. ప్రొవిజనల్ పెట్టిన తేదీ చేతిలో పడ్డాక పది మందికేం, వంద మందికి ఇవ్వండి. బయట పొలంలో ట్రయల్ చేయక తప్పని వాటికి పేటెంటు చట్టం 32వ సెక్షన్‌లో ఏడాది మినహాయింపు ఉంది, అది ట్రయల్ వరకే. ఇంకో మాట, కాయ తెంపే మిషన్లు బజారులో ఇప్పటికే ఉన్నాయి. మీ నాన్నగారిది వాటికంటే ఎక్కడ కొత్తదో ముందు వెతకండి. దరఖాస్తు ఆయన పేరునే పెట్టండి, చేసింది ఆయన.

మిర్యాలగూడ ఫిట్టర్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేసిన్రు. ఒక్కటి చేసుడు వేరు, అదే తీరు వంద చేసుడు వేరు. ఇరవై ఏండ్ల సంది రైస్ మిల్లు పార్టులు చేస్తున్న. ఎవరన్న కొత్త మిషన్ తెస్తే ముందు రెండు బోల్టులు ఇప్పి చూస్త. కంటి లెక్కన కొట్టిన బొక్కలైతే దీని ముక్క దానికి ఎక్కది. రైతు చేన్ల పన్ను ఇరిగినంక కొత్త పన్ను పంపి ఏం లాభం, బొక్క కలవకపోతే?

తమ్మీ, ముందుగాల జిగ్ చేయించు. మందపాటి ఇనుప పలకకు కొలత ప్రకారం బొక్కలేసి పెట్టుకుంటే, దాన్ని ఆనించి కొట్టిన ప్రతి ముక్కా ఒక్కతీరుగ వస్తది. పళ్లు వెల్డింగు చేయకు, బోల్టు పెట్టు. బోల్టులన్నీ ఎం-8 అయితే ఒక్క 13 నంబర్ పానాతోని మిషన్ మొత్తం ఊడుతది. బేరింగు 6204 లాంటిది వేయి, ఏ హార్డ్‌వేర్ దుకాణంలనైనా దొరుకుతది. చైనుకు గార్డు లేకుండ మాత్రం ఒక్కరికీ ఇయ్యకు. కాయ తెంపేది మన ఆడోళ్లు. కొంగు పడ్డదంటే పాణం మీదికొస్తది.

నల్గొండ వకీలు:
జిగ్ మాట ఒప్పుకుంటా అన్నా. తేదీ మాట వెనక్కి తీసుకోను.

మిర్యాలగూడ ఫిట్టర్:
ఇయ్యాల వెల్డింగు పళ్లు రాసిచ్చి, రేపు బోల్టు పళ్లకు మారిస్తే?

నల్గొండ వకీలు:
ప్రొవిజనల్‌లో రాయనిదానికి ఆ తేదీ రాదు. అందుకే రెండు తీర్లూ ఇప్పుడే రాయాలి.

మిర్యాలగూడ ఫిట్టర్:
రాయాలంటే ముందు రెండు తీర్లూ చేసి చూడాలె గదా. నేను మొత్తుకునేది అదే.

ఆలేరు మగ్గం:
హైదరాబాద్ రాయదుర్గంల టీ-వర్క్స్ ఉన్నది, నమూనాలు చేసుకునే మిషన్లు ఒక్క కాడ దొరుకుతయి. పల్లె సృజనోళ్లను కూడా కలువుండ్రి, ఊర్ల ఇట్లాంటివి చేసేటోళ్లకు తోడుంటరు.

అచ్చంపేట తమ్ముడు:
అందరికీ శనార్తులు. నేను తీసిన మిషన్ వీడియో నా ఫోన్‌ల నుంచి ఎవరికీ పోలేదు, ఇంక పోదు. ఫిట్టరన్న మాట చదివి వినిపిస్తే, నాయిన టేపు తెచ్చి డ్రమ్ము మీద పళ్ల నడుమ ఎడం కొలిచిండు. ఒక కాడ 38 మిల్లీమీటర్లు, దాని పక్కనే 45. చానాసేపు ఏం మాట్లాడలే. పొద్దున నేను లేచేసరికి రేకు మీద సుద్దముక్కతోని గీతలు గీస్తుండు.